ఇటుక గోడ మీది రాతలు: గోడకు దెబ్బ తగలకుండా తీసేదెలా?

పూత లేని ఎర్ర ఇటుక గోడ మీద ఎవరో రాత్రికి రాత్రి నీలం ఎనామెల్‌తో పేర్లు రాసి వెళ్తే, పొద్దున్నే చూసిన ఇంటివారికి ముందు కోపం వస్తుంది. ఆ కోపంలోనే మొదటి తప్పు జరుగుతుంది. బాత్‌రూమ్ కడిగే ఆసిడ్ సీసా బయటికి వస్తుంది, లేదా వైర్ బ్రష్ చేతికెక్కుతుంది. మా పెద్దనాన్నగారి ప్రహరీకి అదే జరిగింది. ఎన్నికల ముందు రాసిన రెండడుగుల అక్షరాలను ఒక పనివాడు ఆసిడ్ పోసి, గ్రైండర్ పెట్టి ఒక్క పూటలో తీసేశాడు. రంగు పోయింది. కానీ గ్రైండర్ తిరిగిన మేర ఇటుక లేత నారింజ రంగుకు మారి, ఆ పేరు గోడలో చెక్కినట్టుగా మిగిలింది. రెండు వానాకాలాలు గడిచేసరికి సరిగ్గా ఆ అక్షరాల మేరకే ఇటుక పెచ్చులూడింది. ఇవాళ్టికీ ఆ పేరును వీధి అవతలి నుంచి చదవవచ్చు.

అప్పటి నుంచి ఈ పనిలో నేను పెట్టుకున్న లెక్క ఒకటే. రంగు కొంత మిగిలితే వచ్చే నెలలో మళ్లీ ప్రయత్నించవచ్చు. ఇటుక పైపొర ఊడితే దాన్ని తిరిగి అంటించే మేస్త్రీ ఎక్కడా దొరకడు. కింద చెప్పేదంతా ఈ లెక్క ప్రకారమే ఉంటుంది.

ముందు ఇటుకను తెలుసుకోండి

బట్టీలో కాలేటప్పుడు ఇటుక బయటి ముఖానికి వేడి బాగా తగిలి, అది లోపలి భాగం కంటే గట్టిపడుతుంది. ఆ పలుచని పొరే వానకూ ఎండకూ కవచం. దాని వెనకున్నది మెత్తగా, గుల్లగా ఉంటుంది. పొర పోతే నీళ్లు నేరుగా లోపలికి దిగుతాయి, లోపలి ఉప్పు బయటికి వస్తుంది, ఇటుక పొడిగా రాలడం మొదలవుతుంది.

ఇటుక ఎంత నీటిని పీలుస్తుందో చాలామంది ఊహించరు. భారత ప్రమాణం ఐఎస్ 1077 ప్రకారం 24 గంటలు నానబెట్టిన సాధారణ ఇటుక తన బరువులో 20 శాతం వరకు నీళ్లు పీల్చవచ్చు. అంటే మూడు కిలోల ఇటుక అర లీటరుకు పైగా తాగగలదు. నీళ్లు తాగగలిగిన ఇటుక థిన్నర్‌నూ తాగుతుంది, థిన్నర్‌లో కరిగిన రంగునూ తాగుతుంది. గుడ్డను థిన్నర్‌లో ముంచి గోడను రుద్దినప్పుడు గుడ్డ నీలమైతే రంగు వస్తోందని సంతోషిస్తాం. అదే సమయంలో ఇంకొంత నీలం రంధ్రాల వెంట లోపలికి వెళ్తూ ఉంటుంది. ఇనుప గేటు మీద పనికొచ్చే పద్ధతి ఇటుక మీద బెడిసికొట్టడానికి కారణం ఇదే.

మీ గోడ ఏ రకమో తెలుసుకోవడానికి చిన్న పరీక్ష చేయండి. రంగు లేని చోట ఒక్క నీటి చుక్క వేయండి. కొన్ని సెకన్లలో ఇంకిపోతే అది బాగా పీల్చే నాటు ఇటుక, చాలా జాగ్రత్తగా ఉండాలి. చుక్క కాసేపు నిలిచి జారిపోతే అది గట్టి యంత్రపు ఇటుక, లేదా ఎవరో ఇదివరకే ఏదో పూత పూశారు.

ఇటుకల మధ్య సందులనూ చూడండి. గోరుతో గీరితే తెల్లగా పొడి రాలుతోందంటే అది సున్నం. పాత ఇళ్లన్నీ దాదాపు ఇంతే. గోరుకు లొంగని బూడిద రంగు పదార్థమైతే సిమెంటు. ఈ తేడా చివరిదాకా గుర్తుండాలి.

రంగును ముట్టుకునే ముందు

మొదట ఫొటోలు తీయండి, దూరం నుంచి ఒకటి, దగ్గర నుంచి ఒకటి. ఫిర్యాదు చేయాలనుకుంటే ఇవే ఆధారం. మన రాష్ట్రాల్లో బహిరంగ ప్రదేశాలను రాతలతో, పోస్టర్లతో పాడుచేయడాన్ని నిషేధిస్తూ 1997లో చట్టమే వచ్చింది.

ఎన్నికల రోజుల్లో ఇంకో ప్రమాదం ఉంది. షెడ్యూలు ప్రకటించగానే ప్రభుత్వ భవనాల మీది రాతలను 24 గంటల్లో, ఇతర బహిరంగ ఆస్తుల మీదివి 48 గంటల్లో, అనుమతి లేకుండా ప్రైవేటు గోడల మీద రాసినవి 72 గంటల్లో తీసేయాలని ఎన్నికల సంఘం ఆదేశిస్తుంది. ఆ తొందరలో సిబ్బంది చేయగలిగేది రాత మీద సున్నం కొట్టడమే. ప్లాస్టరింగు చేసిన గోడకు అది సరిపోతుంది. పూత లేని ఇటుక గోడకైతే ఒక పొర రంగు మీద ఇంకో పొర సున్నం చేరి పని రెట్టింపవుతుంది. కాబట్టి వాళ్లు వచ్చేలోపు ఆ రాతను తడిపిన గోనెపట్టాతోనో పాత దుప్పటితోనో కప్పి, తామే శుభ్రం చేసుకుంటామని మర్యాదగా చెప్పండి.

పురాతన కట్టడమైతే మీరు చేయగలిగే మేలు చేయి వేయకుండా ఉండటమే. అనకాపల్లి దగ్గర శంకరం కొండల మీది ఇటుక స్తూపాలు, ఏలూరు జిల్లా గుంటుపల్లి బౌద్ధ శిథిలాలు కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. అలాంటి చోట పేర్లు చెక్కడం నేరం. 2010 సవరణ తరవాత దానికి రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా ఉన్నాయి. మంచి ఉద్దేశంతో బకెట్టు, బ్రష్షు పట్టుకెళ్లి శుభ్రం చేయబోవడం కూడా తప్పే. ఫొటో తీసి ఆ శాఖ వారికి తెలియజేయండి.

రాసింది దేనితో?

ఈ ప్రశ్నకు జవాబు దొరికితే సగం పని అయినట్టే. నాలుగు దూది ఉండలు తీసుకోండి. మొదటిదాన్ని నీళ్లలో, రెండోదాన్ని స్పిరిట్‌లో, మూడోదాన్ని టర్పెంటైన్‌లో, నాలుగోదాన్ని అసిటోన్‌లో తడిపి, రాత అంచున వేర్వేరు చోట్ల అర నిమిషం అద్ది ఉంచండి. రుద్దవద్దు.

నీళ్ల దూదికి రంగు అంటితే అది సున్నంలో కలిపిన రంగు పొడి లేదా డిస్టెంపర్. స్పిరిట్‌కు సిరా పాకితే మార్కర్ పెన్ను. టర్పెంటైన్‌కు కాస్త జిగురుగా లొంగితే ఈమధ్యే వేసిన ఎనామెల్. అసిటోన్‌కే లొంగితే చాలావరకు స్ప్రే డబ్బా రంగు. దేనికీ చలించకపోతే ఏళ్ల క్రితం ఎండి గట్టిపడిన ఎనామెల్ అనుకోవచ్చు.

పాత ఎనామెల్ విషయంలో ఒక హెచ్చరిక. ఇంటి రంగుల్లో సీసం మిలియన్‌కు 90 భాగాలు మించకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచి మాత్రమే అమల్లోకి వచ్చింది. అంతకు ముందరి రంగుల్లో సీసం ఎంతైనా ఉండవచ్చు. అలాంటిదాన్ని ఉప్పుకాగితంతో రుద్దితే లేచే పొడి పిల్లల ఊపిరిలోకీ నోట్లోకీ పోతుంది. గీకి తీసే ప్రతి పెచ్చూ తడిగానే రావాలి, సంచిలో పడాలి.

స్ప్రే రంగు విషయంలో కాలమే అసలు మందు. మొదటి ఒకటి రెండు రోజుల్లో మొదలుపెడితే అది పూర్తిగా గట్టిపడి ఉండదు. వారం ఆగితే శ్రమ రెట్టింపు.

నమూనా ముక్క

ఎంత తొందర ఉన్నా ఈ మెట్టు దాటవేయకండి. రాతలోనే కింది మూలన, కంటికి ఆనని చోట, అరచేయి అంత స్థలం ఎంచుకుని అక్కడ మొత్తం పద్ధతిని మొదటి నుంచి చివరి దాకా చేసి చూడండి. తడిగా ఉన్నప్పుడు ఇటుక ముదురు రంగులో ఉంటుంది కాబట్టి పని అద్భుతంగా కుదిరినట్టు కనిపిస్తుంది. ఆరాక చూస్తేనే నిజం తెలుస్తుంది. కనీసం మూడు రోజులు, వీలైతే వారం ఆగండి. ఈలోగా స్ప్రే రంగు కొంత గట్టిపడి శ్రమ పెరిగినా సరే, ఇటుక పాడవడం కన్నా అదే నయం. ఆ ముక్క చుట్టుపక్కల కన్నా తెల్లబడినా, గరుకుగా తగిలినా, ఉప్పు పొంగినా ఆ పద్ధతి మీ గోడకు పనికిరాదు. తరవాతి పద్ధతికి ఇంకో ముక్క ఎంచుకోండి.

తేలికైన రాతలు ముందు

బొగ్గు, సుద్ద రాతలను తడపకూడదు. తడిపితే నల్లటి నీరై లోపలికి దిగుతాయి. మెత్తటి పొడి బ్రష్‌తో దులిపి, మిగిలినదాన్ని బడిపిల్లల రబ్బరుతో తుడిస్తే చాలు.

పోస్టర్ల కింద ఉండేది మైదా జిగురు. గోరువెచ్చని నీళ్లలో ముంచిన గోనెపట్టాను అరగంట పరిచి ఉంచితే కాగితం ఉబ్బి పొరలుగా లేస్తుంది. చెక్క ముక్కతో కింది నుంచి పైకి తోయండి. జిగురు పూర్తిగా పోయేదాకా రెండు మూడు సార్లు కడగాలి, లేకపోతే అక్కడ బూజు పట్టి పోస్టరు ఆకారంలోనే నల్లబడుతుంది.

సున్నపు రాత చూడటానికి తేలిక, తీయడానికి మొండి. ఆరిన సున్నం రాయిలా మారుతుంది. నీళ్లు చల్లి నానబెట్టడం, నైలాన్ బ్రష్‌తో రుద్దడం, ఆరనివ్వడం, మళ్లీ మొదలుపెట్టడం. నాలుగైదు రోజుల మీద నాలుగైదు విడతలు పడుతుంది. ఇక్కడే అందరికీ ఆసిడ్ మీదికి మనసు పోతుంది. ఆగండి. రాతలోని సున్నాన్ని తినే ఆసిడ్ ఇటుకల మధ్యనున్న సున్నాన్నీ తింటుంది. మిగిలిన లవణం గాలిలోని తేమను పీల్చి గోడను ఎప్పుడూ చెమ్మగా ఉంచుతుంది. ఇటుక మట్టిలోని ఇనుము కదిలి పసుపు, తుప్పు మరకలు తేలతాయి. అవి మొదటి రాత కన్నా మొండివి.

ఎనామెల్, స్ప్రే రంగులు: చిక్కటి జెల్ పద్ధతి

అసలు పోరాటం వీటితోనే కాబట్టి ఇక్కడ నిదానంగా చెబుతాను. రంగును మెత్తబరిచే మందు ఇటుకలోకి జారకుండా పైనే నిలబడాలి. అందుకే నీళ్లలా ఉండే రిమూవర్ వద్దు, నిలువు గోడ మీద జారని జెల్ కావాలి. కొనేటప్పుడు లేబుల్ చదవండి. డైక్లోరోమీథేన్, అంటే మిథిలీన్ క్లోరైడ్ ఉన్నవి వేగంగా పనిచేస్తాయి గానీ దాని ఆవిరి శరీరంలో కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుంది. అమెరికాలో ఇంటి వాడకానికి దాని అమ్మకాన్ని 2019లోనే నిషేధించారు. బెంజైల్ ఆల్కహాల్ ఆధారంగా తయారైనవి నెమ్మదైనా నయం. కాస్టిక్ సోడా ఉన్నవి ఇటుకలో సోడియం లవణాలు వదులుతాయి. తప్పనిసరైతే తప్ప వాటి జోలికి పోకండి.

ఎండాకాలమైతే ఉదయం ఆరు నుంచి తొమ్మిది మధ్య పని పెట్టుకోండి. వేడెక్కిన గోడ మీద జెల్ పనిచేసేలోపే ఎండిపోతుంది. మందపాటి రసాయన చేతితొడుగులు, కళ్లద్దాలు, పొడవు చేతుల చొక్కా ఉండాలి. దగ్గర్లో బీడీ, అగర్‌బత్తి, పొయ్యి ఏదీ ఉండకూడదు. గోడ అడుగున ప్లాస్టిక్ పట్టా పరిచి, దాని అంచును కింద ఇసుక పోసి గట్టులా లేపండి. కారిన మురికి కాలువలోకో మొక్కల పాదుల్లోకో పోకుండా అక్కడే ఆగాలి.

రాత కింది భాగంలోని శుభ్రమైన ఇటుకలను నీళ్లతో బాగా తడపండి. నీళ్లు నిండిన రంధ్రాల్లోకి కారే రంగు దిగలేదు. రాత ఉన్న చోటు మాత్రం పొడిగా ఉండాలి. ఇప్పుడు జెల్‌ను బ్రష్‌తో రెండు మూడు మిల్లీమీటర్ల మందాన పెట్టండి. పెయింటు వేసినట్టు ముందుకూ వెనక్కూ లాగవద్దు, ఒకే దిశలో పరిచి వదిలేయండి. ఒకసారికి ఒక చదరపు మీటరు చాలు. పైన పాలిథీన్ కాగితం అంటించి, లేబుల్ మీద చెప్పినంత సేపు, సాధారణంగా అరగంట వరకు, ఉంచండి. మధ్యలో ఒక మూల ఎత్తి చూస్తే రంగు ముడతలు పడటం కనిపిస్తుంది.

ముడతలు పడ్డాక చెక్క గరిటెతోనో ప్లాస్టిక్ పుట్టీ కత్తితోనో ఆ ముద్దను ఎత్తి సంచిలో వేయండి. ఇనుప కత్తి వద్దు. గుడ్డతో రుద్దవద్దు, పీల్చే కాగితంతో అద్ది తీయండి. సందుల్లో ఇరుక్కున్నదాన్ని పాత టూత్‌బ్రష్‌తో బయటికి లాగండి. ఆ తరవాత నైలాన్ బ్రష్, నీళ్లు. కడగడం రాత కింది అంచు నుంచి మొదలుపెట్టి పైకి వెళ్లండి, అలా చేస్తే కారిన చారలు పొడి ఇటుక మీద అతుక్కోవు. మొక్కలకు నీళ్లు పెట్టే పైపు ఒత్తిడి సరిపోతుంది. కార్లు కడిగే ప్రెషర్ వాషర్లు సాధారణంగా 100 బార్‌కు పైగా ఒత్తిడితో నీటిని కొడతాయి. అంత ధాటికి సున్నపు సందులు నిమిషాల్లో గుల్లవుతాయి, మెత్తబడిన రంగు లోపలికి దిగుతుంది.

పెద్ద గోడకు, డబ్బు పెట్టగలిగితే, మంచి ప్రత్యామ్నాయం ఆవిరి. 150 డిగ్రీల దాకా వేడి చేసిన నీటిని తక్కువ ఒత్తిడితో వదిలే యంత్రాలున్నాయి. వాటిని వారసత్వ కట్టడాల మీద వాడతారు. వాడేవారికి అనుభవం ఉండాలి, నమూనా ముక్క వాళ్ల చేతా చేయించాలి.

గోడ పూర్తిగా ఆరాక రెండోసారి, అవసరమైతే మూడోసారి ఇదే చేయండి. మూడు విడతల తరవాత కూడా మారని రంగును నాలుగో విడత మార్చడం నేను చూడలేదు. అప్పుడు పద్ధతి మార్చాలి.

నీడలా మిగిలిన రంగుకు మట్టి పట్టు

పైపొర పోయాక కూడా రంధ్రాల్లో ఒక నీడ కనిపిస్తుంది. దాన్ని బయటికి లాగేది మట్టి పట్టు. తెల్లటి చైనా క్లే, లేదా ముల్తానీ మట్టిని మీ దూది పరీక్షలో పనిచేసిన ద్రవంతో కలపండి. గారెల పిండి పాకంలో ఉండాలి, దోసెల పిండిలా జారకూడదు. నీడ ఉన్న చోటుకు రెండంగుళాలు అవతలి దాకా, వేలి మందాన మెత్తి, పాలిథీన్‌తో మూసి అంచులకు టేపు వేయండి. కొన్ని గంటలు అలా ఉంచితే ద్రవం లోపలికి వెళ్లి రంగును కరిగిస్తుంది. తరవాత పాలిథీన్ తీసేయాలి. ఇక్కడే అసలు పని జరుగుతుంది: మట్టి ఆరుతూ, తడిని తన వైపు లాగుతూ, ఆ తడితో పాటే రంగునూ లాక్కుంటుంది. పూర్తిగా ఎండి బీటలు వారాక చెక్కతో తట్టి రాల్చండి. రాలిన మట్టి లోపలి వైపు రంగు అంటి ఉంటే పట్టు పనిచేస్తున్నట్టే. రెండు మూడు సార్లు వేయవచ్చు.

వానాకాలంలో ఈ పని పెట్టుకోకండి. గాలిలో తేమ ఉంటే మట్టి ఆరదు. ఆరకపోతే లాగదు.

కాస్త మిగిలితే

ఎర్రటి నాటు ఇటుక మీద ఎర్ర, నల్ల రంగుల నీడ కొంత మిగులుతుంది. కొన్ని మార్కర్ సిరాలు ఎండకే వెలుస్తాయి కాబట్టి ఒక వేసవి ఆగి చూడండి. అప్పటికీ కంటికి గుచ్చుకుంటే, సున్నపు తేటలో చిటికెడు కావి కలిపి, నీళ్లంత పలుచగా, నీడ ఉన్న ఇటుకలకు మాత్రమే అద్దవచ్చు. ఇటుక శ్వాసకు అడ్డం రాదు. గోడ మొత్తానికి పెయింటు కొట్టించమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. లోపలి చెమ్మ బయటికి రాలేక పెయింటు వెనక ఇటుక కుళ్లుతుంది.

పనిలో సందుల సున్నం రాలిపోయి ఉంటే మేస్త్రీని పిలిచి సున్నంతోనే పూడ్పించండి. సిమెంటు గట్టిగా ఉంటుందని మేస్త్రీలు అదే వేయబోతారు. సున్నపు గోడలో సిమెంటు పూడిస్తే చెమ్మకు బయటికి దారి ఇటుక ఒక్కటే అవుతుంది, ఆ దారిలో ఉప్పు చేరి ఇటుక ముఖం ఊడుతుంది.

వైర్ బ్రష్ సంగతి పైన చెప్పనే చెప్పాను గానీ ఇంకో మాట. దాని ఇనుప తీగల ముక్కలు ఇటుకలో ఇరుక్కుని మొదటి వానకే తుప్పు చుక్కలు వేస్తాయి. ఇసుకను ఒత్తిడితో కొట్టించే పద్ధతి పైపొరను మొత్తంగా లేపేస్తుంది, ఎంత నున్నగా చేస్తామని చెప్పినా ఒప్పుకోవద్దు. బ్లీచింగ్ కూడా ఉప్పును వదిలే రకమే.

మళ్లీ రాయకుండా

మెరిసే వార్నిష్ లాంటి పూత మీద రాతలను తుడవడం తేలికే గానీ అది చెమ్మను లోపల బంధిస్తుంది. పదేపదే రాతలు పడే గోడకు మైనం ఆధారంగా తయారైన పూత కొంత నయం, తరవాత వేడినీళ్లతో రాతతో పాటే కరిగి పోతుంది. దాన్నీ నమూనా ముక్క మీద చూశాకే వేయించండి. నాకైతే గోడకు రెండడుగుల దూరంలో కాగితం పూల మొక్కల వరస, పైన ఒక దీపం ఎక్కువ నచ్చుతాయి. గోడకే పాకే తీగలు వద్దు, వాటి వేళ్లు సందుల్లోకి దూరతాయి. రాత పడిన మర్నాడే తీసే పని మొదలుపెట్టడం కూడా మంచి కాపలా.

పని ముగిశాక ఒక వానాకాలం గడవనిచ్చి గోడను మళ్లీ చూడండి. కడిగిన చోట తెల్లటి పొడి తేలితే భయపడవద్దు, లోపల మిగిలిన ఉప్పు బయటికి వస్తోందన్నమాట. దాన్ని నీళ్లతో కడిగితే కరిగి మళ్లీ లోపలికే పోతుంది. పొడి బ్రష్‌తో దులిపి, చేటలోకి ఎత్తి, గోడకు దూరంగా పారబోయండి.